హాఫ్‌టైమ్‌లో వెర్నన్ బావ

టెక్సస్‌లోని ప్లేనోలో మేం నడిపే కూరల కొట్టు వెనక వంటగదిలో మిరపకాయ బజ్జీలు వేస్తుండగా వెర్నన్ భార్య గ్లోరియా ఫోన్ చేసింది. ఒక చేతిలో చిల్లుల గరిటె, ఒక చేతిలో ఫోను. ఆమె ఇంగ్లీషులో అన్నదాన్ని నాకు వచ్చిన తెలుగులో రాస్తున్నాను.

"శ్రీనూ, వెర్నన్‌ని వాళ్ళ పాత జట్టు స్టేడియానికి పిలిచింది. పాత ఆటగాళ్ళని హాఫ్‌టైమ్‌లో గ్రౌండ్‌లో నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారట. వెళ్ళి తీరతానని కూర్చున్నాడు. నాకు ఇష్టం లేదు. నీ మాటయితే వింటాడు. వచ్చి వద్దని చెప్పు."

నా మాట నా పొయ్యి కూడా వినదు, అయినా వస్తానన్నాను. కౌంటర్ దగ్గర ఉన్న మా ఆవిడ పద్మ అంతా విని, "ఆయన్ని ఆపడానికి వెళ్తున్నారా, ఆయన్ని పట్టుకుని గ్రౌండ్‌లోకి దూరడానికి వెళ్తున్నారా?" అంది. బజ్జీ మాడుతోందని చెప్పి లోపలికి తిరిగాను. నిజంగానే మాడింది.

వెర్నన్ ఎవరో చెప్పాలి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో డాలస్ పక్కన కాపెల్‌లో ఒక గ్యాస్ స్టేషన్లో తెల్లవారుజాము షిఫ్టు చేసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలోనే బడీ నేనూ విడాకులు తీసుకున్నాం కాబట్టి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా సిగరెట్ల పేర్లూ, పంపు నంబర్లూ. ఐదింటికి తలుపు తీస్తే బయట వెర్నన్ నిలబడి ఉండేవాడు. ఆయన పక్కకి జరిగితే గానీ లోపలికి వెలుతురు వచ్చేది కాదు. అంత మనిషి. ఒకప్పుడు డబ్బుకి ఫుట్‌బాల్ ఆడినవాడు. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. చేత్తో పట్టుకుని పరిగెత్తేదీ, ఎదుటివాణ్ణి పడగొట్టేదీ. అప్పటికి స్కూల్ బస్సు నడుపుతున్నాడు.

ప్రతి సోమవారం కాఫీలో మూడు చక్కెర పొట్లాలు పోసుకుని, ఇంకో గుప్పెడు తీసి కౌంటర్ మీద పరిచేవాడు. చక్కెర పొట్లాలు మన జట్టు, ఉప్పు పొట్లాలు ఎదుటి జట్టు. నిన్నటి ఆటలో ఎవడు ఎటు పరిగెత్తాడో, ఎవడు ఎవణ్ణి అడ్డుకోవాల్సిందో జరిపి చూపించేవాడు. నాకు 'గుడ్ మార్నింగ్' సరిగ్గా పలకడం రాకముందే, ఆ ఆటలో పది గజాలు ముందుకు పోతే అనే 'ఫస్ట్ డౌన్' వచ్చింది. మా ఓనరు గుజరాతీ ఆయన, ఉప్పు వృథా అయిందని కెమెరాలో చూసి ఫోన్ చేసేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకి మాడిన కాఫీ వాసనే ముందు తగులుతుంది, తర్వాతే పెట్రోలు.

నన్ను ఏమని పిలవాలని అడిగితే, బావా అనమన్నాను. "మా ఊళ్ళో తిట్టడానికీ అదే మాట, తిన్నావా అనడానికీ అదే మాట" అని చెప్పాను. అప్పటినుంచి నేను ఆయనకి బావ, ఆయన నాకు బావ. గ్లోరియా ఆ లెక్క ప్రకారం నాకు చెల్లెలు. ఆయనకి మతిమరుపు మొదలయ్యాక కాపెల్ ఇల్లు అమ్మేసి, ఆయన ఆడిన ఊరికే, గ్లోరియా పుట్టింటి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ ఊరి పేరు రాయను. ఊరు రాస్తే జట్టు పేరు రాసినట్టే, జట్టు పేరు రాస్తే లాయరు పేరు వెతుక్కోవాలి. చికాగోలో రైలు మారి ఇంకొంచెం పోవాలి, అంతవరకు చాలు.

శుక్రవారం మధ్యాహ్నం ప్లేనోలో లోకల్ రైలెక్కి డాలస్ పెద్ద స్టేషన్లో దిగాను. చికాగో రైలు మూడున్నర ప్రాంతంలో బయలుదేరుతుంది. విమానమైతే రెండున్నర గంటలు, రైలైతే ఒక పగలూ ఒక రాత్రీ. టికెట్టు పెద్దగా తక్కువేం కాదు. మరి రైలెందుకంటే, విమానంలో పక్కవాడు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటాడు. రైల్లో పక్కవాడికి తప్పించుకునే దారి లేదు. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: సీటు మన రైళ్ళకన్నా వెడల్పు, కాళ్ళు చాపుకోవచ్చు. చలి మాత్రం ఫ్రిజ్‌లో కూర్చున్నట్టే. దుప్పటి తీసుకెళ్ళండి. తిండి కూడా. పద్మ కట్టిచ్చిన చపాతీలు, వంకాయ వేపుడు రాత్రికి సరిపోయాయి. వెర్నన్ కోసం పప్పుచెక్కలు విడిగా కట్టింది. కాఫీలో ముంచుకుని తినేవాడు ఆ మహానుభావుడు.

శనివారం పొద్దున సెయింట్ లూయిస్ దాటాక గాజు కప్పున్న బోగీలోకి వెళ్ళి కూర్చున్నాను. రెండు పక్కలా మొక్కజొన్న కోసేసిన చేలు. ఎదురుగా ఒక పెద్దాయన తెలుగు వార్తలు చూస్తున్నారు, ఫోను గట్టిగా పెట్టుకుని. పలకరించాను. గుంటూరులో డాక్టరీ చదివి పంతొమ్మిదివందల డెబ్భైల్లో అమెరికా వచ్చారట. ఎముకల డాక్టరు, ఇప్పుడు రిటైర్ అయ్యారు. విమానం ఎక్కితే చెవులు పోటు పెడతాయని రైలు.

"మీరేం చేస్తుంటారు?" అన్నారు.

"బజ్జీలండి."

"గుడ్. రెసెషన్ ప్రూఫ్." తర్వాత నా ప్రయాణం సంగతి విని, "నాకూ చాలా ఏళ్ళు ఆ ఆటలకి సీజన్ టికెట్ ఉండేదండీ. ఆ ప్లేయర్స్ మోకాళ్ళు బోలెడు బాగు చేశాను," అన్నారు.

"మరి తలకాయల సంగతో?"

"అది మా డిపార్ట్‌మెంట్ కాదు." ఫోను సౌండు తగ్గించి, "ఎవరూ బలవంతం చెయ్యలేదు కదండీ వాళ్ళని. రిస్క్ తెలిసే సైన్ చేస్తారు," అన్నారు.

"మా పల్నాడులో కోడిని కూడా ఎవరూ బలవంతం చెయ్యరండి. కత్తి కట్టి వదుల్తారు, అంతే."

పెద్దాయన నవ్వారు. "అయితే మీరు చూడరన్నమాట."

"ఒక్క ఆదివారం వదలనండి."

"నేనూ అంతే," అన్నారు. ఇద్దరం మళ్ళీ చేలవైపు తిరిగాం. ఆయన తన డబ్బాలోంచి నాకొక ఇడ్లీ ఇచ్చారు. చల్లారిపోయినా బాగుంది.

చికాగోలో గంటన్నర ఆగి రెండో రైలు. అందులో సగం మంది రేపటి ఆటకి పోయేవాళ్ళే. ఒకే రంగు చొక్కాలు, ఒకే రంగు టోపీలు, ఒకావిడ గోళ్ళు కూడా అదే రంగు. పెళ్ళివారి బస్సు పొరపాటున ఎక్కినవాడిలా నా కొట్టు స్వెట్టర్లో ఒక మూల ఒదిగాను. ఆవిడ నాకూ ఒక టోపీ ఇచ్చింది. దిగేదాకా పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే గొప్పగా అనిపించింది.

దీపాలు పెట్టే వేళకి దిగితే గ్లోరియా కారుతో వచ్చింది. ఇంట్లో కర్టెన్లన్నీ మూసి ఉన్నాయి. వెలుతురు పడితే వెర్నన్‌కి తలనొప్పట. నల్ల కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో ఉన్నాడు. కుర్చీ అదే, కాపెల్ ఇంట్లోది. మనిషి మాత్రం దాన్ని పూర్తిగా నింపడం లేదు.

"బావా," అన్నాడు నన్ను చూసి.

కళ్ళు తడిశాయి నాకు. ఇన్నేళ్ళయినా గుర్తుంచుకున్నాడని ఒక అరగంట మురిసిపోయాను. ఆ తర్వాత పక్కింటావిడ పొరపాటున తనకి వచ్చిన ఉత్తరం ఇవ్వడానికి వస్తే ఆమెని కూడా బావా అన్నాడు. గ్లోరియా మెల్లగా చెప్పింది: "అందరినీ అంతే. పోస్టువాణ్ణి కూడా. ఈ వీధంతా నీ చుట్టాలే ఇప్పుడు."

కోడికూర, బీన్స్ పెట్టింది. మాంసం ఆమే ముక్కలు కోసి పళ్ళెం ఆయన ముందు పెట్టింది. వంటగది తలుపుకి ఒక పలక మిగతా చెక్కకన్నా తెల్లగా ఉంది. కొత్తగా బిగించిన పలక. పాతది ఎలా పగిలిందో వెర్నన్ పిడికిలి చూస్తే తెలుస్తోంది. పప్పుచెక్కలు ఇస్తే మాత్రం కాఫీ కావాలన్నాడు. ముంచుకున్నాడు. ఆ చెయ్యి మరిచిపోలేదు.

రెండో చెక్క తింటూ నావైపు తిరిగి, స్పష్టంగా తెలుగులో, "లేచాడా?" అని అడిగాడు.

ఈ మాట ఎక్కడిదో చెప్పాలి. గ్యాస్ స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో ఒకసారి సుద్దతో గీత గీసి ఆయనకి చెడుగుడు నేర్పాను. ఊపిరి బిగబట్టి కూత పెడుతూ అవతలి గడిలోకి పోవాలనేసరికి ఆ కొండ రెండు అడుగులకే గాలి వదిలేసింది. "హెల్మెట్ లేదు, బంతి లేదు, ప్రకటనలు లేవు. మరి డబ్బెలా వస్తుంది?" అన్నాడు. "రాదు. అందుకే నేను ఇక్కడున్నాను," అన్నాను. ఆయనకి బాగా నచ్చింది ఒక్కటే. మా ఆటలో ముట్టుకుంటే 'చచ్చాడు' అంటాం. చచ్చినవాడు గీత బయట వరసలో నిలబడతాడు. మనవాడు అవతలివాణ్ణి చంపి వస్తే, మన వరసలో ముందు చచ్చినవాడు లేచి లోపలికి వస్తాడు. 'లేచాడు' అంటాం. ఈ సంగతి విని వెర్నన్ సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నవ్వాడు. "మంచి ఆట బావా. మా ఆటలో ఆ రూలు లేదు," అన్నాడు.

"ఎవడు లేచాడా అని?" అన్నాను ఇప్పుడు.

"ఆ కుర్రాడు. నేను కొట్టినవాడు. గడ్డి మీదే ఉన్నాడు ఇంకా."

గ్లోరియా నన్ను వంటగదిలోకి పిలిచి తలుపు వేసింది. వెర్నన్‌కి పేరు తెచ్చింది ఒకే ఒక్క దెబ్బ. పరిగెత్తుకొస్తున్న ఎదుటి జట్టు కుర్రాణ్ణి తలతో పొడిచాడు. స్టేడియం ఊగిపోయింది. ఇద్దరూ పడ్డారు.

"ఆ రోజు ఆ అబ్బాయి లేచాడు శ్రీనూ. తర్వాత కూడా ఆడాడు. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసి, నా తల ఇంకా మోగుతోంది ముసలోడా అని వెర్నన్‌ని ఏడిపించేవాడు. మూడేళ్ళ కిందట పోయాడు. తలకి తగిలిన దెబ్బలతో వచ్చే ఇదే జబ్బు. వెర్నన్‌కి చెప్పాను. ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను, మళ్ళీ అప్పుడే విన్నట్టు ఏడ్చాడు. ఇక చెప్పడం మానేశాను." సింకులో కుళాయి తిప్పి కట్టేసింది. "రేపు ఆ గ్రౌండ్‌లో వాడి కోసం వెతుకుతాడు. వాడు కనపడకపోతే ఈయన్ని ఇంటికి ఎలా తీసుకురావాలి?"

ఆదివారం పొద్దున ఆరింటికి లేచి చూస్తే వెర్నన్ కోటు వేసుకుని వీధి తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. రాత్రి పడుకుని నాలుగు రకాల 'వద్దు'లు తయారు చేసుకున్నాను. చలి అని ఒకటి, టీవీలో బాగా కనపడుతుందని ఒకటి.

"బావా, ఇవాళ చలి..."

"నేను వెళ్ళకపోతే వాడు అక్కడే పడి ఉంటాడు," అన్నాడు.

నాలుగూ అయిపోయాయి. లోపలికి వెళ్ళి, నేనే తోడు వెళ్తానని గ్లోరియాకి చెప్పాను. "నీ చేత వద్దనిపించడానికి టెక్సస్ నుంచి పిలిపించాను నిన్ను," అంది.

"అన్నానమ్మా. మనసులో."

నన్ను పద్మ చూసినట్టే చూసింది. గ్రౌండ్‌లోకి తోడు వెళ్ళేవాళ్ళకి ఒకటే పాస్. నా మెడలో వేసి, "ఆ గడ్డి మీద నేను అడుగు పెట్టను. నువ్వు చెయ్యి వదలకు," అంది.

పదిన్నరకి స్టేడియం. పార్కింగ్ అంతా కోటప్పకొండ తిరునాళ్ళే. ప్రభలు లేవు గానీ బండ్ల వెనకాల పొయ్యిలు, పొగ, మాంసం వాసన, పాటలు. పరాయివాణ్ణి పిలిచి మరీ పెడతారు. మూడు బండ్ల దగ్గర తిన్నాను. ఆ మనుషుల్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఒకాయన వెర్నన్‌ని గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చి, కౌగిలించుకుని, "నీ ఆ దెబ్బ చూసి మా నాన్న సోఫా మీద ఎగిరి సోఫా విరగ్గొట్టాడు. అదే మా ఇంట్లో మంచి రోజు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. వెర్నన్ ఆయన వీపు తట్టి, "లేచాడా?" అని అడిగాడు. ఆయనకి అర్థం కాక, "గాడ్ బ్లెస్ యూ," అన్నాడు.

ఆట మొదలైంది. టీవీలో వినపడనిది ఒకటుంది: తాకిడి చప్పుడు. మా ఊరి బస్టాండులో లారీ మీంచి బియ్యం బస్తా దిగేటప్పుడు వచ్చేది ఆ చప్పుడు. మొదటి పెద్ద దెబ్బకి నేనూ లేచి అరిచాను. అరిచాక పక్కకి చూస్తే వెర్నన్ చెవులు మూసుకుని ఉన్నాడు. కూర్చున్నాను.

రెండో క్వార్టర్లో ఒక కుర్రాడు పడి లేవలేదు. చిన్న బండి వచ్చింది. ఆటగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు, జనం టోపీలు తీశారు. నిశ్శబ్దం నిజమైనదే, నేను ఒట్టేసి చెప్పగలను. కానీ ఆ నిశ్శబ్దంలో పెద్ద తెర మీద బంగాళాదుంప చిప్స్ ప్రకటన తిరుగుతూనే ఉంది. బండి మీద కుర్రాడు బొటనవేలు ఎత్తి చూపించాడు. చప్పట్లు. బండి సొరంగంలోకి పోయింది, ఈల వేశారు, ఆట నడిచింది. వాడి జాగాలోకి వాడి కొలతలే ఉన్న ఇంకొకడు వచ్చాడు. మా వెనక ఒకామె కొడుక్కి హాట్‌డాగ్ మీద ఆవ పూస్తూ, "పాపం, ఎవరి కొడుకో," అంది. పూయడం ఆపలేదు. నేనూ చిప్స్ తింటూనే ఉన్నాను.

హాఫ్‌టైమ్‌కి ముందే మమ్మల్ని కిందికి తీసుకెళ్ళారు. పాతవాళ్ళు పాతికమంది దాకా ఉంటారు. కర్రలు, రెండు చక్రాల కుర్చీలు. అందరికీ కొత్త చొక్కాలు పంచారు, వెర్నన్‌ది ఒక సైజు తక్కువ. తెల్ల గీత వెంట వరసగా నిలబెట్టారు. వెర్నన్ ఒక్కొక్కరి మొహం వంగి చూసుకుంటూ పోతున్నాడు. నేను చెయ్యి వదలలేదు. ఈ గౌరవాన్ని సమర్పిస్తున్నది ఫలానా బీమా కంపెనీ అని మైకులో చెప్పారు.

పెద్ద తెర మీద ఒక్కొక్కరి పాత ఆట. వెర్నన్ వంతు వచ్చింది. అదే దెబ్బ. సన్నగా, కుర్రగా ఉన్న వెర్నన్ గాలిలోకి లేచి వాణ్ణి పొడవడం. ఒకసారి మామూలుగా, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి ఇంకా నెమ్మదిగా. ప్రతిసారీ అరవై వేల గొంతులు కావచ్చు, ఎన్నయితేనేం, ఒక్కసారిగా అరిచాయి. ఇద్దరూ నేలకి తగలగానే బొమ్మ ఆగిపోయి పక్కవాడిది వచ్చింది.

వెర్నన్ తెరవైపే చూస్తున్నాడు. "తర్వాత? లేచాడా?" అన్నాడు.

వరస కదిలింది. చెవిలో వైరు పెట్టుకున్న అమ్మాయి వచ్చి, "సర్, ఇటు దయచేయండి," అంది. వెర్నన్ కదల్లేదు. గీత మీద మోకాలు ఆన్చి కూర్చున్నాడు. "వాడు లేచేదాకా రాను." ఆ అమ్మాయి మంచిగానే నావైపు చూసింది, తర్వాత గడియారం వైపు. బ్యాండువాళ్ళు బూరలు పట్టుకుని గీత దగ్గర కాచుకుని ఉన్నారు. నలుగురు గార్డులు మావైపు నడిచి వస్తున్నారు. ఆయన పిడికిలి బిగుస్తోంది. వంటగది తలుపు పలక నా కళ్ళ ముందు కనపడింది.

పక్కన గొంతుక్కూర్చున్నాను. "బావా, చెడుగుడులో నీకొక రూలు చెప్పలేదు నేను," అన్నాను.

చూశాడు.

"ఒక్కొక్కడే లేవడం మామూలప్పుడు. ఒక్కోసారి జట్టు మొత్తం చస్తుంది. చివరివాడు కూడా చచ్చాడనుకో, అప్పుడు ఆట ఆగిపోదు. అందరూ ఒకేసారి లేస్తారు. ఎదుటివాళ్ళకి ఎక్కువ పాయింట్లు వస్తాయి, వస్తే రానీ. మనవాళ్ళు మాత్రం మొత్తం లేస్తారు."

"అందరూ?"

"అందరూ."

"ఆ కుర్రాడు?"

"వాడే ముందు లేచాడు. నీకోసం చూసి చూసి వెళ్ళిపోయాడు. పద."

ఇది నేను కల్పించింది కాదు. నిజంగా ఆటలో ఉన్న రూలే. వెర్నన్ నా భుజం మీద చెయ్యేసి లేచాడు. నా భుజం ఇప్పటికీ నొప్పే. సొరంగంలోంచి నడుస్తుంటే వెనక బ్యాండు మొదలైంది. పైకి సీట్లలోకి వెళ్ళలేదు, తిన్నగా పార్కింగుకి వచ్చేశాం. పొద్దుటినుంచీ గ్లోరియా కార్లోనే ఉంది. దిగి ఆయన మొహం చూసింది.

"లేచాడు," అన్నాడు వెర్నన్. వెనక సీట్లో పడుకుని ఇల్లు చేరకముందే నిద్రపోయాడు.

ఏం చెప్పానో గ్లోరియాకి చెప్పాను. స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, "రేపటికి ఉంటుందా అది ఆయనకి?" అంది. తెలియదన్నాను.

ఉండలేదు. సోమవారం పొద్దున నేను బూట్లు వేసుకుంటుండగా కాఫీ కప్పు పట్టుకుని, "లేచాడా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల పొయ్యి దగ్గరినుంచి గ్లోరియా చెప్పింది. "లేచాడు." 'చా' మరీ సాగదీసి, 'డు' మీద నాలుక తట్టుకుని, నేను కాపెల్‌లో 'గుడ్ మార్నింగ్' పలికినట్టు పలికింది. వెర్నన్ తల ఊపి కాఫీ తాగాడు. ఆమె నావైపు తిరిగింది. "ఇంగ్లీషులో అడిగితే నేను చావు గురించి చెప్పాలి. ఈ మాటలో ఆ అవసరం లేదు." స్టేషన్ దాకా కార్లో ఆ మాట ఇంకో పదిసార్లు నా చేత దిద్దించుకుంది. పదోసారికి మా పేట మనిషి అన్నట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో చికాగో దాకా పక్కన ఒక కుర్ర ఉద్యోగి. నా పాస్ తాడు ఇంకా మెడలోనే ఉంది, చూసి అడిగాడు. ఆటకి వెళ్ళానన్నాను. "చివరి నిమిషం అద్భుతం కదా," అన్నాడు. సగంలో వచ్చేశామన్నాను. నన్ను జాలిగా చూసి, ఫోన్లో ఒక వీడియో వెతికి పెట్టాడు. "పోనీ ఇది చూడు, హాఫ్‌టైమ్‌లో వేశారు. ఇప్పుడు ఇలా కొట్టనివ్వరు, ఆ రోజులే వేరు."

ఆ రోజులే వేరు, నిజమే. నాకు ఆ రోజులంటే కౌంటర్ మీద చక్కెర పొట్లాలు. వచ్చే ఆదివారం టీవీ పెట్టనని నేను చెప్పలేను, పద్మ నవ్వుతుంది. ఆట అందమైనది, అదే దాంతో చిక్కు. అందులో మోసం ఎక్కడుందో మాత్రం ఆ చిన్న తెర మీద చూశాను. వెర్నన్ గాలిలోకి లేచాడు, పొడిచాడు, ఇద్దరూ నేలకి తగిలారు, బొమ్మ మళ్ళీ మొదటికొచ్చింది.

"ఇంకొంచెం నడపవయ్యా," అన్నాను.

"ఇంతే ఉంది. అక్కడితో అయిపోయింది," అన్నాడు ఆ కుర్రాడు.

"అయిపోలేదు. తర్వాత ఇద్దరూ లేచారు. వాళ్ళలో ఒకాయన ఇంట్లో రెండు రాత్రులు పడుకుని వస్తున్నాను."

ఫోను పక్కన పెట్టాడు. "ఎలా ఉన్నాడు?" అన్నాడు. చికాగో ఇంకా చాలా దూరం ఉంది. పద్మ కట్టిచ్చిన పొట్లంలో చివరికి మిగిలిన పప్పుచెక్కలు తీసి, ఒకటి అతనికిచ్చి, చెప్పడం మొదలుపెట్టాను.